నిత్యపూజలో రాచెట్ పానా

బస్సుల సంస్థ ప్రధాన కార్యాలయానికి ఆ ఏడాది మన్నిక మీద మోజు పుట్టింది. అంతకుముందు ఏడాది చిరునవ్వు మీద పుట్టింది. బస్సు నడిపినంతసేపూ డ్రైవర్లు పళ్లు కనిపించేలా నవ్వాలని హుకుం వచ్చింది. ఆ నవ్వులు చూసి ఎదురొచ్చే లారీల వాళ్లు, వీడికేదో అయిందనుకుని భయపడి రోడ్డు దిగిపోయేవారు. ఇలా ఏడాదికో మోజు రావడం, నాలుగు నెలలు ఊపేసి చప్పబడటం అందరికీ అలవాటే. కాని ఈ మన్నిక మోజు అలా పోయే రకం కాదని మొదట్లో ఎవరికీ తెలియలేదు. "మన్నిక నిరూపితం కాని ఏ పరికరమునూ ఇకమీదట సంస్థ కొనుగోలు చేయరాదు" అన్నది హుకుం.

అది గుర్రాలపాడు డిపోకి చేరేసరికి బందలగూడ బస్సు మరమ్మతు గుంత మీద నిలబడి ఉంది. బందలగూడ అంటే కొండల్లో ఆఖరి ఊరు. ఆ దారిలో పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేది ఆ ఒక్క బస్సే. గేరుబాక్సు వెనకాల ఉన్న బోల్టులు విప్పితే గాని దాని రోగం కుదరదు. ఆ సందులో చెయ్యి దూరడమే గగనం, దూరినా మామూలు పానా పావు చుట్టు కూడా తిరగదు. అక్కడ రాచెట్ పానా ఉండాలి. అది వెనక్కి తిప్పితే టిక్కుటిక్కుమంటూ ఊరికే వస్తుంది, ముందుకు తిప్పితే బోల్టుని పట్టుకుంటుంది, తీసి మళ్లీ పెట్టే పని ఉండదు. డిపోలో ఉన్న రాచెట్ పానాకి లోపలి పళ్లన్నీ అరిగిపోయాయి. ఎటు తిప్పినా టిక్కుటిక్కుమని చప్పుడు చెయ్యడమే గాని దేన్నీ పట్టుకునేది కాదు. దానికీ డిపో మేనేజరు గారికీ పెద్ద తేడా లేదని హెడ్ మెకానిక్ అప్పలకొండ గుంతలోంచి గట్టిగానే అంటుండేవాడు.

ఈ బస్సు బాధ డిపోలో అందరికంటే స్టోర్సు సూపరింటెండెంటు వల్లభరావుకి ఎక్కువ. ఆయన భార్య ఇందుమతి బందలగూడ బళ్లో టీచరు. రోజూ ఆ బస్సులోనే వెళ్లి ఆ బస్సులోనే ఇంటికొచ్చేది. బస్సు గుంత ఎక్కాక వారం చూసి చూసి ఆవిడ ఆ ఊళ్లోనే ఒక గది తీసుకుంది. వల్లభరావుకి వచ్చిన వంట ఉప్మా ఒక్కటే, అదీ వచ్చని మర్యాదకి చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఇప్పుడు పొద్దున్నా ఉప్మాయే, రాత్రీ ఉప్మాయే. ఉప్మాని పక్కకి నెట్టినా, ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోవడం ఆయనకి నిజంగానే బెంగగా ఉంది.

"ఏవండీ, మీ బస్సు ఎప్పుడొస్తుంది?" అనేది ఆవిడ ఫోనులో. "హైస్కూలుకి కిందికి వెళ్లే పిల్లలు ఆరుగురు చదువు మానేసి కూర్చున్నారు. సంతకి పోవాల్సిన అనాసపళ్లు చెట్టు మీదే కుళ్లుతున్నాయి."

"పానా రావాలి ఇందూ."

"పానా ఎక్కణ్ణుంచి రావాలండీ, విలాయతు నుంచా? బజార్లో దొరకవూ?"

"దొరుకుతాయి. మన్నిక నిరూపితం కావాలి."

ఆవిడ ఫోను పెట్టేసేది. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, ఇలాంటి లెక్క ఆవిడకి ఎలా కుదురుతుంది!

ఎంపిక సంఘం కూర్చుంది. మూడు కంపెనీలు తలా ఒక రాచెట్ పానాల సెట్టు నమూనాగా పంపించాయి. నీలం పెట్టెల్లో, మెత్తటి గుడ్డ మీద, చిన్నవి పెద్దవి వరసగా పడుకుని తళతళలాడుతున్నాయి. డిపో మేనేజరు సత్యకీర్తి గారు ఒక పెట్టె మూత ఎత్తి, చూసి, జాగ్రత్తగా మూశారు.

"వీటిలో అధిక మన్నిక గలది ఏదన్నది మనం నిర్ధారించవలసి ఉన్నది. విధానం సూచించండి."

"ఇధానం ఏటుంది బావూ!" అన్నాడు అప్పలకొండ. ఆయన్ని సంఘంలో వేసుకోవడం నిబంధన, మాట్లాడించడం కాదు. "గుంతలోకి తీసుకెళ్లి ఆ బోల్టుకి తగిలించి గట్టిగా లాగితే తెలిసిపోద్ది. ఇరిగింది నాసిరకం, ఇరగంది మంచిది. బస్సూ కదుల్తాది."

గదిలో అందరూ ఆయన వైపు జాలిగా చూశారు.

"అప్పలకొండా, నమూనా వస్తువును వినియోగించిన మరుక్షణం అది పాత వస్తువు అగును. పాత వస్తువును కొత్త వస్తువుగా కొనుటకు నిబంధనలు అంగీకరించవు. కనుక వినియోగించక ముందే అది వినియోగంలో ఎంతకాలం మన్నునో మనం తెలుసుకొనవలెను."

"తెలుసుకోడానికి ఏటి సేత్తారు?"

"పరిశీలించెదము."

"సూత్తే తెలిసిపోతే నా పెళ్లాన్ని పెళ్లిసూపుల్లోనే ఒగ్గీసుందును బావూ."

ఈ మాట నమోదు కాలేదు. అప్పలకొండ లారీల షెడ్డు నుంచి ఒక రాచెట్ పానా అరువు తెస్తానన్నాడు. బయటి పానా సోకిన బస్సుకి ప్రమాదం జరిగితే పూచీ ఎవరిదని సత్యకీర్తి గారు అడిగారు. ఆ దారీ మూసుకుపోయింది.

అప్పుడు వల్లభరావుకి ఒక ఉపాయం తట్టింది. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా, పాపం. దసరా దగ్గర పడింది. ఏటా డిపోలో ఆయుధపూజ చేస్తారు. పానాలు, సుత్తులు, జాకీలు కడిగి, బొట్లు పెట్టి, పీట మీద పేర్చి, బస్సులకి బంతిపూల దండలు కట్టి గుమ్మడికాయ కొడతారు. మర్నాడు విజయదశమి పొద్దున్న పూజలో కూర్చున్న పెద్దమనిషి ఆ పీటని బొటనవేలంత ఉత్తరానికి కదుపుతాడు. పీట కదిపితే పూజ అయినట్టు. ఆ వెంటనే ఆ పనిముట్లతోనే ఏదో ఒక పని మొదలుపెట్టి తీరాలి. అది ఆచారం, నిబంధన కాదు. కాబట్టి నిబంధనలు దాని జోలికి రావు.

"ఈ మూడు సెట్లనీ ఆయుధపూజలో పెడదాం సార్" అన్నాడు. "విజయదశమి నాడు ఆచారం కొద్దీ ఎలాగూ పని మొదలెట్టాలి. అది వినియోగం కింద రాదు, సంప్రదాయం కింద వస్తుంది."

సత్యకీర్తి గారి మొహం విప్పారింది. "శ్లాఘనీయం!" అన్నారు. ఆ రాత్రి వల్లభరావు ఫోను చేసి, పండగ మర్నాడు బస్సు ఎక్కడానికి సిద్ధంగా ఉండమని భార్యకి చెప్పేశాడు. జీడిపప్పు వేసుకుని ఉప్మా చేసుకున్నాడు.

పూజ వైభవంగా జరిగింది. సత్యకీర్తి గారు ప్యాంటు మీదే పట్టుపంచె చుట్టుకుని కూర్చున్నారు. మూడు పెట్టెల మూతలూ తీసి, ప్రతి పానాకీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లారు. గుంత మీదున్న బందలగూడ బస్సుకి అందరికంటే పెద్ద దండ వేయించాడు వల్లభరావు. మర్నాడు పొద్దున్న పీట కదపడానికి సత్యకీర్తి గారు హారతి పళ్లెం పట్టుకుని లేచారు. అప్పుడే ఫోను మోగింది. ఆయన్ని రాష్ట్రం అటు చివరి డిపోకి బదిలీ చేశారు, ఉన్నపళంగా బయల్దేరాలి. ఆ డిపో ఆయన ఏడేళ్లుగా కోరుకుంటున్నది. హారతి పళ్లెం వల్లభరావు చేతిలో పెట్టి, పట్టుపంచెతోనే జీపెక్కేశారు.

పీట ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నానికల్లా కొత్త మేనేజరు ఫణిభూషణం గారు దిగారు. సన్నగా, జాగ్రత్తగా ఉంటారు. తన సంతకాన్ని కూడా ఎవరూ చదవలేనంత జాగ్రత్తగా పెడతారు.

"సార్, ఆ పీట కాస్త కదిపితే పని మొదలెడతాం" అన్నాడు వల్లభరావు.

"ఈ పూజను ప్రారంభించినది ఎవరు?"

"పాత మేనేజరు గారు."

"పూర్వాధికారి ప్రారంభించిన కార్యమును నేను ముగించినచో, తత్ఫలితమునకు బాధ్యత ఎవరిది? సంకల్పంలో వారి గోత్రం చెప్పి యుండిరి. నాది వేరే గోత్రం."

పూజ చేయించిన పురోహితుణ్ణి పిలిపించారు. "దాందేముంది నాయనా, ఎవరు కదిపినా ఫరవాలేదు. అక్షింతలేసి కదిపెయ్యండి" అన్నాడాయన. ఆ ముక్క రాసి సంతకం పెట్టమన్నారు ఫణిభూషణం గారు. పురోహితుడు సంచి చంకలో పెట్టుకుని, పెళ్లి ముహూర్తం ఉందని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ డిపో గుమ్మం తొక్కలేదు.

సత్యకీర్తి గారికి కబురు పెడితే, ప్రస్తుతం తాను వేరొక డిపో అధికారినైనందున గుర్రాలపాడులో ఏ వస్తువునూ కదుపుటకు తనకు అధికారం లేదని జవాబు పంపారు. ప్రధాన కార్యాలయాన్ని అడిగితే, విషయం పరిశీలనలో ఉన్నది, అంతవరకు యథాతథ స్థితి కొనసాగించవలెను అన్నారు. యథాతథ స్థితి అంటే పూజ. పూజ అంటే దీపం ఆరకూడదు, నైవేద్యం తప్పకూడదు. దీపానికి ఒక అటెండరు, కాపలాకి ఒక గార్డు ఏర్పాటయ్యారు. రోజూ కొబ్బరికాయ కొట్టి నీళ్లు చల్లడానికి స్టోర్సు సూపరింటెండెంటునే నియమించారు, ఉపాయం చెప్పినవాడు గనక. వల్లభరావు పొద్దున్నే స్నానం చేసి, ఏ పానాల కోసం ప్రాణం కొట్టుకుంటోందో ఆ పానాల మీదే కొబ్బరినీళ్లు చల్లి, కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాడు. ఏం కోరుకునేవాడో చెప్పనక్కర్లేదు.

"మీ బస్సుకి పూజలట కదా" అంది ఇందుమతి ఫోనులో. ఈసారి ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని భయపెట్టింది. "ఇక్కడ ఈ గది చాలదు, ఏకంగా ఇల్లే చూసుకుంటున్నాను. నెలకోసారి ఎలాగో దిగి వస్తాన్లెండి."

ఇంతలో ప్రధాన కార్యాలయం నుంచి మన్నిక విభాగాధిపతి విశ్వంభర గారు తనిఖీకి వచ్చారు. ఆయన భూతద్దం ఆయన వెంటే ఉంటుంది. పీట ముందు చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, పానాలని ముట్టుకోకుండా ఒక్కొక్కదాన్నే చూశారు. చూసినకొద్దీ ఆయన మొహం వెలిగింది.

"అద్భుతం! ఇన్నాళ్లుగా పరీక్షలో ఉన్ననూ ఒక్క పన్నైననూ అరగలేదు! ఇతర డిపోలలో ఇవే సెట్లను సిబ్బంది బోల్టులకు తగిలించి తిప్పినారు. మూడవ వంతు విరిగినవి. ఇచట విరిగినది శూన్యం. దీనిని బట్టి మీకేమి అర్థమగుచున్నది?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పెద్దవాళ్ల ముందు అలా ఉండటమే క్షేమమని అందరికీ తెలుసు.

"పరికరముల శత్రువు వినియోగము!" అన్నారు విశ్వంభర గారు. "మన్నికకు మూలం నిత్యపూజ!"

"అయితే బావూ, ఈ మూడిట్లో ఏది మంచిదంటారు?" అన్నాడు అప్పలకొండ.

"మూడునూ సమాన మార్కులు పొందినవి. కావున పరీక్ష కొనసాగవలెను."

ఆ వారంలో అన్ని డిపోలకీ హుకుం వెళ్లింది. పాతవీ కొత్తవీ అన్న తేడా లేకుండా పానాలు, జాకీలు, సుత్తులు సమస్తం నిత్యపూజా స్థితిలో ఉంచవలెను. పనిముట్లు పూజలోకి వెళ్లిపోయాయి కాబట్టి చెడిన బస్సులు బాగుపడటం మానేశాయి. అవీ వరసగా పూజలోకి వెళ్లిపోయాయి. పూజలో ఉన్న బస్సు దారిలో ఆగిపోదు, టైరు పేలదు, ఎవర్నీ గుద్దదు. సంస్థ చరిత్రలో దారిలో ఆగిన బస్సుల సంఖ్య అంత తగ్గడం అదే మొదటిసారి. ఆ విజయాలన్నిటికీ ఆదిమూలం బందలగూడ బస్సే గనక దానికి మన్నికరత్న బిరుదు ప్రకటించారు. కదలకుండా అంతకాలం ఉన్న బస్సు రాష్ట్రంలో ఇంకోటి లేదు.

ఆ బిరుదు వచ్చిన రోజే ట్రాఫిక్ విభాగం ఇంకో సంగతి గమనించింది. బందలగూడ దారిలో కొన్ని నెలలుగా ఒక్క ప్రయాణికుడు కూడా ఎక్కలేదట. జనం ఆదరణ లేదు గనక నెలాఖరుకి ఆ రూటు ఎత్తివేయవలెనని నిర్ణయించింది.

ఆ మాట వల్లభరావు చెవిన పడింది. రూటు పోతే ఇందుమతి ఇక అక్కడిదే. ఆయన నిబంధన తప్పి ఎరగని మనిషి. ఆఫీసు పెన్నుతో ఇంటి సామాన్ల చీటీ కూడా రాయలేదు. అలాంటివాడు మధ్యాహ్నం గార్డు ప్రసాదం పులిహోర తినడానికి పక్కకెళ్లగానే లేచి, చెప్పులు విప్పి, పీట దగ్గరికి వెళ్లాడు. అక్షింతలు వేశాడు. పీటని బొటనవేలంత ఉత్తరానికి జరిపాడు.

ఏమీ కాలేదు. ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. పులిహోర తింటున్న చప్పుడు మామూలుగానే వినిపిస్తోంది.

మొదటి పెట్టె చంకలో పెట్టుకుని గుంత దగ్గరికి పరిగెత్తాడు. అప్పలకొండ ఆయన్నీ పెట్టెనీ మార్చి మార్చి చూశాడు.

"కదిపీసినావేటి బావూ!"

"మాటలొద్దు. తిప్పు."

అప్పలకొండ తిప్పబోయాడు. అది తిరగలేదు. నెలల తరబడి చల్లిన కొబ్బరినీళ్లు, పసుపు, దీపం నూనె లోపలికి దిగి, పళ్లన్నీ తుప్పుతో ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. పైకి మాత్రం కుంకుమబొట్టు నిండుగా ఉంది. రెండో సెట్టూ అంతే. ఆ నీళ్లు చల్లిన చెయ్యి తనదేనని గుర్తొచ్చి వల్లభరావుకి ఏడుపొచ్చినంత పనైంది. మూడోదాన్ని కిరసనాయిల్లో ముంచి, తుడిచి, అప్పలకొండ బలంకొద్దీ తిప్పాడు. ముందు కీచుమంది. తర్వాత టిక్కుమంది. ఆ తర్వాత టిక్కుటిక్కుమంటూనే ఉంది. అంత కమ్మటి చప్పుడు వల్లభరావు తన పెళ్లి సన్నాయిలో కూడా వినలేదు.

సాయంత్రానికి బస్సు మెడలో ఎండిన దండతో సహా బుర్రుమని లేచింది.

చప్పుడు విని ఫణిభూషణం గారు మెట్ల మీద నుంచి పడుతూ లేస్తూ దిగారు. మర్నాటికి విశ్వంభర గారు కూడా దిగారు. విచారణ జరిగింది. ఆయన భూతద్దంతో మూడు సెట్లనీ మళ్లీ చూశారు.

"మూడవ సెట్టు పళ్లపై గీతలు కనిపించుచున్నవి. వినియోగింపబడినది. కావున అనర్హం." తర్వాత మొదటిదాన్ని అందుకుని తిప్పబోయారు. రాలేదు. గార్డుని తిప్పమన్నారు. గార్డూ అటెండరూ కలిసి చెరో పక్కా పట్టుకుని లాగినా రాలేదు. విశ్వంభర గారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంతమంది తిప్పిననూ చెక్కు చెదరలేదు! ఇదీ మన్నిక! మొదటి రెండునూ ఎంపికైనవి. సంస్థకంతటికీ ఇవే కొనవలెను."

"తుప్పు కూడా ఏయించి పంపమని కంపెనీకి రాయండి బావూ" అన్నాడు అప్పలకొండ. ఆ సూచన బాగుందని రాసుకున్నారు.

ఇక వల్లభరావు వంతు. పూజా స్థితిలో ఉన్న మన్నికరత్నను బాగుచేసిన నేరం ఆయన మీద ఉంది. ఏం చెప్పుకుంటావని అడిగారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఆయనకి తట్టిన ఉపాయం తెలివి వల్ల వచ్చింది కాదు, ఉప్మా వల్ల వచ్చింది.

"నేను బాగుచెయ్యలేదండీ. ఇన్ని నెలలు పూజలందుకున్న మూర్తికి ఊరేగింపు లేకపోతే అపచారం కదండీ. ఊరేగింపుకి సిద్ధం చేశాను."

 ఫణిభూషణం గారు విశ్వంభర గారి వైపు చూశారు. ఆయన భూతద్దం వైపు చూసుకున్నారు.

"ఊరేగింపు వినియోగం కిందికి వచ్చునా?" అన్నారు విశ్వంభర గారు.

"రాదండీ. దేవుణ్ణి ఊరేగిస్తే దేవుణ్ణి వాడినట్టు అవుతుందా?"

కాదని ఒప్పుకోక తప్పలేదు. పొద్దున్న బయల్దేరి బందలగూడ దాకా వెళ్లి, సాయంత్రానికి తిరిగి పూజాస్థానం చేరేటట్టు ఊరేగింపుకి అనుమతి వచ్చింది. ప్రయాణికులని ఎక్కించుకోరాదు. దారిలో భక్తులు కోరి ఎక్కినచో అడ్డుకోరాదు. టికెట్టు కొట్టరాదు గనక కండక్టరు హారతి పళ్లెం పట్టుకోవలెను. అనర్హమైన మూడో సెట్టుని వాడేశారు గనక కంపెనీ వెనక్కి తీసుకోనంది, ఎంపిక కాలేదు గనక సంస్థ తనదనుకోలేదు. ఎవరిదీ కాని ఆ పెట్టెని అప్పలకొండ డ్రైవరు సీటు కింద సర్ది, పైన గోనెపట్టా కప్పాడు.

మొదటి రోజు వల్లభరావు కూడా భక్తుడిగా ఎక్కాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు ఎక్కడా మొరాయించలేదు. బందలగూడలో పిల్లలు కేకలేస్తూ ఎదురొచ్చారు. అనాస బుట్టలు పైకెక్కాయి. బడి వదిలాక ఇందుమతి సంచి భుజాన వేసుకుని వచ్చి, దండ కట్టిన బస్సునీ, పళ్లెం పట్టుకున్న కండక్టరునీ, ముందు సీట్లో కూర్చున్న భర్తనీ చూసింది. ఆయన చిక్కిపోయాడు. పళ్లెంలో చిల్లర వేసి, హారతి కళ్లకద్దుకుని, వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఇంతకీ బస్సుకి వచ్చిన రోగమేంటి?"

"నాలుగు బోల్టులు."

"ఎంతసేపు పట్టింది?"

"ఒక్క పూట."

"మరి ఇన్ని నెలలూ ఏం చేశారండీ?"

"పీట కదపాలి కదా ఇందూ. కదపడానికి మనిషి దొరకలేదు."

ఇందుమతి కిటికీలోంచి కొండల వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మీరున్నారుగా" అంది.

వల్లభరావు ఆవిడ సంచి అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కండక్టరు గంట కొట్టాడు, బస్సు కదిలింది.